మబ్బు మీద బేరం

నిద్ర లేచి మొహమైనా కడగకుండా వాకిట్లోకి పోయి, మబ్బుకి దండం పెడుతున్న మొగుణ్ణి చూసి కళావతి మూతి తిప్పుకుంది.

ఫాల్గుణం నడుస్తోంది. ఊళ్లన్నీ కళ్లాల్లో మిర్చి ఆరబోసుకున్నాయి. ఇప్పుడు వాన పడితే కాయ నల్లబడి, రైతు నోట్లో మట్టి పడుతుంది.

"పడాలె. దంచి పడాలె" అని భాస్కర్ పాన్ ఉమ్మాడు. అది పోయి ఆమె వేసిన ముగ్గు మీద పడింది.

వరంగల్ బీటుబజార్‌లో అతనిది మిర్చి అడ్తి, కమీషన్ దుకాణం. అడ్తి పేరుకే. అసలు పని తేజీ, మందీ. ధర పెరుగుతుందనుకున్నవాడు బయానా కట్టి తేజీ కొంటాడు. వాయిదా నాటికి పెరిగితే ఆ తేడా వాడిది, లేకపోతే బయానా గంగపాలు. తగ్గుతుందనుకున్నవాడు మందీ కొంటాడు. కాయితం ఉండదు, నోటిమాటే. వాయిదా లోపు ఇంకొకరికి అమ్ముకోవచ్చు కూడా. మబ్బు పట్టగానే భాస్కర్ మందీలన్నీ వచ్చిన కాడికి వదిలించుకుని తేజీలు పట్టుకున్నాడు.

దలాల్ కిషన్ రావు సైకిల్ దిగుతూనే అరిచాడు. "భాస్కరన్నా, మబ్బును చూసి తేజీ బయానా మూడింతలైంది! ఇయ్యాల్నే అమ్ముకో. రేపు ఎండ కొడితే కుక్క గూడ ముట్టదు."

"సగం అమ్ము. సగం ఉండనియ్. నాకు వాన వాసన వస్తాంది."

"నీకు వాసనలు బాగనే తెలుస్తయ్ తీ" అంది కళావతి, చాయ్ గ్లాసులు టక్కున పెట్టి. కిషన్ రావు పళ్లికిలించాడు.

అతను అటు వెళ్లాడో లేదో, వర్ధన్నపేట బస్సు దిగి మల్లికార్జున్ వచ్చాడు. కళావతికి ఒక్కగానొక్క తమ్ముడు.

"బావా, రేడియోల ఏమన్న చెప్పిండ్రా? కాయంత కళ్లంలనే ఉన్నది. అది పోతే ఇంక నా ఇల్లు మునిగినట్టే. మీ గోదాముల టార్పాలిన్లు ఉంటయి గద, రెండియ్యరాదు."

"అవి కేసముద్రం పోయినయ్ బామ్మర్ది. ఫికర్ చెయ్యకు. ఉత్త మబ్బు, తేలిపోతది."

టార్పాలిన్లు గోదాములో మడతపెట్టి ఉన్నాయి. రాత్రి రేడియోలో తుపాను అని చెప్పారు. రెండూ కళావతికి తెలుసు.

"అక్కా, నువ్వేమంటవ్?"

ఆమె ఒకసారి ఆకాశం వంక చూసింది. "మీ బావ చెప్పిండు గద" అంది.

తమ్ముడు మేనల్లుడి చేతిలో బిస్కెట్ల పుడా పెట్టి బస్సుకి పోయాడు.

"తోడబుట్టినోడయ్యా వాడు! రెండు గుడ్డముక్కలు ఇస్తే నీ సొమ్మేం పోయె?"

"ఒక్కనికిస్తే ఊరంత వస్తది. అందరు కప్పుకుంటే ధరెట్ల పెరుగుతదే?"

"ఛీ! నీదీ ఒక బతుకేనా?"

"ఈ బతుకే నీ కొడుకుకు పాలు పోస్తాంది."

మధ్యాహ్నం ఎండ కాసింది. భాస్కర్ మొహం మాడిపోయింది. కళావతి పిల్లాడికి అన్నం తినిపిస్తూ పదిసార్లు గడప దాకా పోయి పైకి చూసింది. సాయంత్రం దేవుడి గూట్లో దీపం పెట్టి చాలాసేపు కళ్లు మూసుకుని నిలబడింది.

చీకటి పడే వేళకి దిగింది వాన. రేకులు పగిలిపోతాయా అన్నట్టు కొట్టింది. భాస్కర్ బనీనుతో వీధిలోకి ఉరికి, బొజ్జ ఊపుకుంటూ చిందులేశాడు.

వర్ధన్నపేటలో ఈపాటికి ఎర్రటి నీళ్లు పారుతుంటాయి. తమ్ముడు ఆ బురదలో కాయలు ఏరుకుంటూ ఉంటాడు. కళావతికి ఒళ్లంతా జెర్రులు పాకినట్టయింది. చిందులేస్తున్న మొగుడి వైపు కాండ్రించి ఉమ్మి, లోపలికి పోయి తలుపేసుకుంది.

భాస్కర్‌కి తెలియకుండా చెవి కమ్మలమ్మి కిషన్ రావు చేత తానూ కొనిపించుకున్న తేజీని తలుచుకుని, వాన ఇంకా గట్టిగా కొట్టాలని దేవుడికి మళ్లీ మొక్కుకుంది.