కొండమీది మంట

కొండ దిగువన కొర్రలు పండించుకునే కౌజుపిట్ట ఒకటుండేది. కొండమీద ఎలుగుబంటి చలికాచుకోవడానికి ఏళ్ల తరబడి అడవి నరికి మంటేస్తుంటే, గాలి వేడెక్కి వానలు అదను తప్పాయి. ఆ ఏడు మొదట వేసిన విత్తనం ఎండిపోయింది. మళ్లీ విత్తితే కోతవేళ వాన పడి వెన్నులు కుళ్లిపోయాయి. పిల్లలు పస్తులున్నాయి.

ఎలుగు దిగివచ్చి, "తక్కువ తినడం నేర్చుకోండమ్మా," అని హితవు చెప్పింది.

కౌజుకి ఒళ్లు మండిపోయింది. "అసలు తిండే లేదు, అందులో తక్కువేమిటి మామా?" అని, తోటి కౌజులన్నిటినీ వెంటేసుకుని కొండెక్కింది. అన్నీ కలిసి కాళ్లతో మంటమీదికి మట్టి చిమ్మసాగాయి.

"నాకు చలేస్తుందే," అంది వెనకే వచ్చిన ఎలుగు.

"మా పిల్లలకు ఆకలేస్తోంది," అంది కౌజు, మట్టి చిమ్మడం ఆపకుండా.