పదిహేడు ఎర్రగీతలు

"కొండ మీది స్తంభం కూడా పీకేయమన్నారు మాస్టారూ. మీరు సంతకం పెడితే మధ్యాహ్నమే బండి పంపిస్తాను" అన్నాడు మేనేజరు, కాగితం బల్ల మీద పెడుతూ.

మంచు మాస్టారు కలం తీయలేదు. యంత్రాలను పరీక్షించే గది మధ్యలో, నేలకు మూడు మీటర్ల ఎత్తున ఇనుప కమ్మీకి వేలాడుతున్న యంత్రాన్నే చూస్తున్నారు. దాన్ని కొండ మీది నుంచి నిన్ననే దించి తెచ్చారు.

మాస్టారంటే ఆ ఆఫీసులో అందరికీ గురి. ఉపగ్రహం తీసిన బొమ్మలో ఏ తెలుపు మంచో, ఏ తెలుపు మబ్బో ఒక్క చూపులో తేల్చేస్తారాయన. అంతటివారూ ఒక మాట ఒప్పుకుంటారు. పైనుంచి చూస్తే మంచు ఎంత మేర పరుచుకుందో తెలుస్తుంది గానీ ఎంత లోతుందో తెలియదు. దానికి నేల మీద ఒక సాక్షి కావాలి.

ఆ సాక్షే ఈ యంత్రం. రోజూ పదిన్నరకు, ఉపగ్రహం నెత్తిమీదికొచ్చే వేళకు, ఒక్కసారి నేలకేసి చప్పుడు పంపుతుంది. అది తగిలి తిరిగొచ్చిన సమయాన్నిబట్టి కింద ఎన్ని సెంటీమీటర్ల మంచుందో చెబుతుంది. పదిహేడేళ్ల కిందట మాస్టారే తన చేతులతో దాన్ని బిగించారు. పిల్లాపాపలతో చుట్టూ మూగిన కొండవాళ్లకు ఈ పదిన్నర సంగతంతా గంటసేపు విడమరిచి చెప్పారు. ఇంటికొచ్చి, చెవిటివాడి ముందు శంఖం ఊదొచ్చానని భార్యతో చెప్పి నవ్వుకున్నారు.

ఇప్పుడు ఆ సాక్షి మీదే నింద పడింది. ఏటా జూన్ తొమ్మిదిన, కొండ మీద పిడికెడు మంచు కూడా లేని రోజున, అది మంచుందని చెబుతోంది. మాస్టారు తన చేతిరాత పుస్తకంలో ఆ అంకెల మీద ఏటేటా ఎర్రగీత కొడుతూ వచ్చారు. కరిగిన మంచు ఎంత నీరై లోయలోకి దిగుతుందో ఆ లెక్కల మీదే చెప్పాలి. ఒక్క అబద్ధం ఆడిన సాక్షిని మిగతా రోజుల్లో మాత్రం ఎవరు నమ్ముతారు? తీసేయమని పైవాళ్లు రాశారు. తీసేస్తే ఆ లోయకు ఇంకో సాక్షి లేదు. కన్నబిడ్డను ఇంట్లోంచి పొమ్మన్నట్టుంది మాస్టారికి.

పరీక్ష ఇవాళే, ఈ తొమ్మిదో తేదీనే పెట్టాలని పట్టుబట్టింది, మూడు నెలల కిందట చేరిన కొత్తమ్మాయి. జ్వరం వచ్చే రోజునే కదా డాక్టరుకు చూపించాలి అంది. ఆ మాట మాస్టారికి నచ్చింది. అసలా పిల్లంటేనే ఆయనకు ముచ్చట. ఆయన రాసిందంతా అక్షరం పొల్లుపోకుండా చదివిన మనిషి ఆఫీసులో ఆమె ఒక్కతే. పుట్టినరోజని పొద్దున ఆమె అందరికీ పంచిన చాక్లెట్ ఇంకా ఆయన జేబులోనే ఉంది.

ఇద్దరూ తొమ్మిదింటినుంచి యంత్రం కింద పెట్టెలు మార్చి మార్చి పెడుతున్నారు. మీట నొక్కి చప్పుడు పంపిస్తే, నలభై సెంటీమీటర్ల పెట్టెకు పక్కనున్న తెర మీద నలభై చూపింది, తొంభైకి తొంభై. వెంట్రుకవాసి తేడా లేదు.

"నిప్పులాంటి యంత్రం అమ్మాయీ. మరి ఏటా ఆ ఒక్కరోజు దీనికేం పూనుతుందో" అన్నారు మాస్టారు.

"ఏ ఆవో గేదో వచ్చి కింద నిలబడుతుందేమో" అన్నాడు మేనేజరు.

"ఏటా అదే తేదీన, సరిగ్గా పదిన్నరకా? మన ఆఫీసులో గుమస్తాలే అంత టైముకి రారు, గేదెలొస్తాయా?"

మేనేజరు నవ్వాడు. కొత్తమ్మాయి నవ్వలేదు. పుస్తకం తెరిచి ఎర్రగీతల కింది అంకెలు పైకి చదివింది. మొదటి ఏడు 104. తర్వాత 111, 117, 123. అలా పెరుగుతూ పన్నెండో ఏటికి 158. ఆ తర్వాత ఐదేళ్లూ అదే.

"యంత్రం చెడితే తప్పు ఇలా కొంతకాలం పెరిగి ఆగిపోతుందా మాస్టారూ?"

"ఆగదు, ఇంకా ముదురుతుంది. నాకూ అదే అంతుపట్టడం లేదు."

"అయితే ఇది అబద్ధం ఆడలేదు."

"నీకెలా తెలుసమ్మా?"

అంత ధీమాగల పిల్ల, తప్పు చేసి దొరికిపోయినదానిలా తల వంచుకుంది.

"నోటిమాట వద్దు, అంకె చూపించు అంటారుగా మీరు" అంది. "ఈ ఏటి అంకె ఇంకా పడలేదు."

గోడ గడియారంలో పదిన్నరకు ఒక నిమిషం తక్కువగా ఉంది. ఆమె పెట్టెలన్నీ పక్కకు నెట్టి, చెప్పులు విప్పి, యంత్రం కింద నిటారుగా నిలబడింది. మాస్టారు కళ్లజోడు సర్దుకుని తెరవైపు తిరిగారు.

తెర మీద 158 అని పడింది.