కుడివైపు బాన

ముంచే చెయ్యి మారితే నీళ్లు మారిపోతాయా అన్న అనుమానం బాలస్వామిని పదకొండేళ్లుగా పీడిస్తోంది. పురాణం చెప్పే శాస్త్రులుగారిని అడుగుదామని నాలుగుసార్లు బయలుదేరి, నాలుగుసార్లూ వీధి మలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాడు. ఇవాళ మాత్రం ఆ అనుమానమే పదిమందిని వెంటేసుకుని భీమడోలు స్టేషనుకి వచ్చి కూర్చుంది.

“మా అమ్మ నోట్లో నీళ్లు పోశావా, లేదా?” అన్నాడు బుల్లిరాజు. గణపవరంలో పెద్ద ఆసామి. చేతిలో పొన్నుకర్ర ఉంది.

“పోశానండీ,” అన్నాడు నబీ.

ప్లాట్‌ఫారం మీద నీళ్లబానలు రెండు. కుడివైపుది హిందువులకి, దాని దగ్గర బాలస్వామి ఉంటాడు. ఎడమవైపుది మహమ్మదీయులకి, దాన్ని నబీ చూసుకుంటాడు. నీళ్లు ఇద్దరూ స్టేషను వెనక బావిలోంచే తోడతారు. వారం కిందట ఏలూరులో ఊరేగింపు దగ్గర తగువై తలలు పగిలాయి. అప్పట్నుంచి ఎడమవైపు బానకేసి జనం చూసే చూపు వేరుగా ఉంది.

“అమ్మగారు రైలు దిగుతూనే ఎండకి పడిపోయారండీ,” అన్నాడు నబీ. “బాలస్వామి కావిడి వేసుకుని బావికెళ్లాడు. నా బానలోవి పోస్తే ఆవిడ ఆచారం చెడుతుందని, మీ బానలోవే, మీ ముంతతోనే పోశాను.”

“విన్నారా? వాడి బానలోవి పోస్తే మా అమ్మ ఒక్కర్తికే ఆచారం పోయేది. మన బాన ముట్టుకుని దేశమంతటికీ తాగించాడు.”

“పైగా మర్యాద చేశానంటున్నాడండీ,” అన్నాడు వెనక నించున్నవాడు. నలుగురు నవ్వారు. ఆ నవ్వులో సరదా లేదు.

బుల్లిరాజు తల్లి రత్నమాణిక్యం మూడు రోజులుగా గడప దాటలేదు. పూటకోసారి తల స్నానం, పాలు తప్ప ఏమీ ముట్టడం లేదు. పాత బానని నిన్ననే పగలగొట్టి పెంకులు పట్టాల మీద పారేశారు. బాలస్వామి పొద్దున్నే కొత్త బాన తెచ్చి, పసుపునీళ్లు చల్లి, దేవుణ్ణి తలుచుకుని నింపాడు.

“పొయ్యరా, నోరు ఎండిపోయింది,” అని బుల్లిరాజు దోసిలి పట్టాడు. బాలస్వామి నుదుటి విభూతి చెమటకి కారుతుండగా ముంతతో పోశాడు. బుల్లిరాజు కడుపునిండా తాగి, మిగిలిన తడి కళ్లకద్దుకున్నాడు. “ఇవీ నీళ్లంటే. మనవాడి చేతివి.”

స్టేషన్ మాస్టరు కాయితం తీశాడు. “పడిపోయిన మనిషికి ఒక్కసారి పోశాడంటే హెచ్చరించి వదిలేస్తానండీ. అంతకుమించి నా వల్ల కాదు.”

“ఒక్కసారని ఎవడన్నాడు?” బుల్లిరాజు బాలస్వామివైపు తిరిగాడు. “రోజూ ముడుతున్నాడని నువ్వు చెప్పు. నువ్వూ వాడూ మాట్లాడుకోరటగా?”

నిజమే. బాలస్వామి ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే మాట్లాడుకోవడం మానేశారు. ఆ రోజు మోకాళ్లదాకా పంచె కట్టుకున్న ముసలాయన ఒకడు రైలు దిగి, చేతికర్ర ఊతంతో తిన్నగా కుడివైపు బాన దగ్గరికి వచ్చాడు. బాలస్వామి “దూరం, దూరం” అని ముఖం తిప్పుకున్నాడు. ముసలాయన ఏదో పేరు పెట్టి పిలవబోయి ఆగిపోయాడు. నబీ వచ్చి, “ఇటు రండి తాతా” అని చెయ్యి పట్టుకుని తన బాన దగ్గరికి తీసుకెళ్లి, ముంతెడు నీళ్లు పోసి, చాలాసేపు పక్కన కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో బాలస్వామి అడగలేదు, నబీ చెప్పలేదు. ఆ ముంతెడు నీళ్లూ నబీకి తానే బాకీ పడ్డట్టు బాలస్వామికి లోపల గుచ్చుకునేది. గుచ్చుకున్నకొద్దీ నబీ మీద కోపం ముదిరేది. నబీ పలకరిస్తే పక్కకి తప్పుకునేవాడు. బీడీ ఇస్తే పట్టాలమీదకి విసిరేసేవాడు.

“నువ్వు చెబితే వీడి ఉద్యోగం ఇప్పుడే పోతుంది. ఆ పైన మేం చూసుకుంటాం,” అన్నాడు బుల్లిరాజు. పొన్నుకర్ర నబీ భుజం మీద ఆనింది. “చెప్పకపోతే నువ్వూ వాడి తోడుదొంగవే అనుకుంటాం.”

బాలస్వామి నబీకేసి చూశాడు. అరవై దగ్గర పడ్డ మనిషి. ఇంట్లో భార్య షంషున్నీసా పక్షవాతంతో పడుంది. ఈ ఉద్యోగమే వాళ్ల పొయ్యిలో నిప్పు.

“రాసుకోండి మాస్టరుగారూ,” అన్నాడు బాలస్వామి. “కుడివైపు బానని ముట్టకూడనివాడు ముడుతున్న మాట నిజం.”

“అలా చెప్పు,” అన్నాడు బుల్లిరాజు.

“వద్దు బాలస్వామీ,” అన్నాడు నబీ మెల్లగా.

“నువ్వు నోరుముయ్యి.” కర్ర గట్టిగా నొక్కుకుంది. “ఎన్నాళ్లుగారా?”

“పదకొండేళ్లండీ. రోజూ. అమ్మగారు ఏలూరు వెళ్లొచ్చినప్పుడల్లా ఆ చేతి నీళ్లే తాగారు. మీరూ తాగారు.”

పదిమందీ ఒక్కసారిగా ముందుకి జరిగారు. నబీ కళ్లు మూసుకున్నాడు. స్టేషన్ మాస్టరు కలం సిరాలో ముంచి, నబీ పేరులో మొదటి అక్షరం రాశాడు.

బాలస్వామి చెయ్యి చాచి ఆ కాయితాన్ని పట్టుకున్నాడు.

“నబీ కాదండీ, మాలపేట తోమా కొడుకు ఎలీయాజరు, నేనే.”