ఉప్పాడ పార్టీ

దేవిశ్రీ బ్యాగు సర్దుకుంటోంది అనడం కన్నా, నాగేశ్వరప్రసాద్ గారు సర్దిస్తున్నారు అనడం న్యాయం.

"కరపత్రాలు కింద పెట్టు. బిల్లు బుక్కు పైన. కొన్నవాళ్ళకిచ్చే కంపెనీ గోడగడియారం బట్టల మధ్య పెట్టు, పగిలితే నీ జీతంలో పడుతుంది."

"ఒక్క పూట పనికి బట్టలెందుకండి?"

"ఆ ఉప్పాడ పార్టీ దొరక్కపోతే కాకినాడలో మీ పిన్ని ఇంట్లో పడుకుని, పొద్దున్నే మళ్ళీ వెళ్ళు. సంతకం లేకుండా మాత్రం రాకు."

రాజమండ్రిలో ఓ ఇన్వర్టర్ల కంపెనీకి ఆయన మేనేజరు. దేవిశ్రీ కొత్తగా చేరిన పిల్ల. నెలాఖరులోగా ఒక్క ఇన్వర్టరైనా అమ్మితే ఉద్యోగం ఖాయం. లేకపోతే ఒకటో తారీఖు నుంచి హాయిగా ఇంట్లోనే.

మే నెలలో ఎక్స్‌పో జరిగింది. వీళ్ళ స్టాలుకి జనం బాగానే వచ్చారు. కొందరు ఇన్వర్టర్లు చూడ్డానికి, ఎక్కువమంది ఊరికే పోస్తున్న మజ్జిగ తాగడానికి. తాగిన పాపానికి పేరూ ఫోన్ నంబరూ ఇచ్చి వెళ్ళారు. వాళ్ళందరికీ వెంటనే ఫోన్లు చెయ్యాలని కంపెనీ రూలు.

"వెంటనే చేస్తే మనం ఖాళీగా ఉన్నామనుకుంటారు," అన్నారు నాగేశ్వరప్రసాద్ గారు. ఖాళీగా లేమని నిరూపించడానికి జూన్ ఆఖరు వారం దాకా పట్టింది.

అప్పుడు మొదలుపెట్టింది దేవిశ్రీ. రామచంద్రపురం ఆయన కొనేశానన్నాడు, వేరే కంపెనీది. నిడదవోలు ఆయన, వానలు పడ్డాయి కదమ్మా ఇంకెందుకన్నాడు. మజ్జిగ మాత్రం బావుందని ఒకావిడ మెచ్చుకుంది. ఇక మిగిలింది ఉప్పాడ అప్పాజీ. స్టాల్లో చాలాసేపు నిలబడి, అన్నీ అడిగి తెలుసుకుని, "ఇది మాదే, ఇంకెవరికీ ఇచ్చెయ్యకండి. ఫోన్ చేసి వచ్చి బిగించేద్దురుగాని," అన్న ఏకైక మానవుడు. ఇంట్లో నంబరు ఇచ్చి వెళ్ళాడు.

ఆ నంబరుకి చేస్తే మొదటి రింగుకే ఎత్తారు. ఆడమనిషి.

"ఎవరండీ? ఎక్కడ్నుంచండీ?" గొంతులో ఎంత ఆత్రమో.

"రాజమండ్రి నుంచండి. ఇన్వర్టర్ల కంపెనీ. అప్పాజీ గారున్నారా?"

ఇన్వర్టరు మాట వినగానే ఆ ఆత్రమంతా దిగిపోయింది. "ఆయన లేరమ్మా. ఇంకా రాలేదు."

"ఎప్పుడొస్తారండి?"

"వస్తారు."

దేవిశ్రీ ఈ సంగతి చెబితే నాగేశ్వరప్రసాద్ గారు ఆమెకేసి జాలిగా చూశారు.

"లేరు అంటే ఏంటనుకున్నావు? పక్కనే మంచమ్మీద పడుకుని, లేనని చెప్పమంటూ చెయ్యి ఊపుతున్నాడని. ఉప్పాడ కదా, పట్టుచీరల షావుకారై ఉంటాడు. బేరమాడ్డం వాళ్ళకి ఉగ్గుపాలతో వస్తుంది. మొదటి రింగుకే ఎత్తారన్నావు చూడు, అక్కడే దొరికిపోయారు. కొనాలనే ఉంది. మనం దిగిరావాలని నాటకం."

మర్నాడు చేసింది. మళ్ళీ మొదటి రింగే.

"లేరమ్మా. పెట్టెయ్యమ్మా తల్లీ, ఇంకో ఫోన్ రావాలి."

"చూశావా, ఇంకో కంపెనీ తగులుకుంది," అని తేల్చేశారు మేనేజరు గారు. "వదలకు."

వదల్లేదు. మూడోసారి ఆవిడే మాట కలిపింది. తన పేరు వీరవేణి అని, అప్పాజీ భార్యనని చెప్పింది.

"మీ దగ్గరికొచ్చినప్పుడు ఆయన ఏమన్నారమ్మా?"

దేవిశ్రీకి ప్రాణం లేచొచ్చింది. "చాలా ఇష్టపడ్డారండి. 'రాత్రిపూట కరెంటు పోతే మా వీరవేణి తను నిద్ర మానుకుని నాకు విసురుతూ కూచుంటుందమ్మా, ఆ పని తప్పించాలి,' అన్నారు. అని ఒకటే నవ్వారండి."

అవతల ఫోను ఒక చెవి నుంచి ఇంకో చెవికి మారిన చప్పుడైంది.

"ఇంకోసారి చెప్పమ్మా."

చెప్పింది.

"రెండోసారి అడిగి మరీ చెప్పించుకుందంటే సగం కొన్నట్టే," నాగేశ్వరప్రసాద్ గారు చేతులు రుద్దుకున్నారు. "ఇంక ఫోన్లు చాలు. వెళ్ళి వాళ్ళింటి ముందు కూచో. ఎన్నాళ్ళు దాక్కుంటాడో చూద్దాం. ఆ బ్యాగు ఇలా తే."

అలా సర్దించిన బ్యాగు భుజాన వేసుకుని, కాకినాడలో బస్సు మారి, ఉప్పాడలో దిగింది దేవిశ్రీ. దారంతా ఒకటే సాధన, నవ్వు చెదరకుండా మొండికెయ్యడం ఎలాగా అని.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. అప్పాజీ పేరు చెప్పగానే ఇద్దరు ముగ్గురు మాట్లాడకుండా చెయ్యెత్తి చూపించారు. ఊరంతా కలిసే దాస్తున్నారన్న మాట, అనుకుంది. ఒంటిగది ఇల్లు. మగ్గం లేదు, చీరల మూట లేదు. పిసినారి షావుకారు, అని కూడా అనుకుంది.

వీరవేణి అరుగు మీదే ఉంది, ఒళ్ళో ఫోనుతో.

"నేనేనండి, రాజమండ్రి నుంచి ఫోన్ చేస్తున్నది. అప్పాజీ గారున్నారా?"

"లేరమ్మా."

"పర్లేదండి," దేవిశ్రీ నవ్వింది, బస్సులో నేర్చుకున్న నవ్వు. "ఆయనొచ్చేదాకా ఇక్కడే కూచుంటాను. సంతకం లేకుండా వెళ్తే నా ఉద్యోగం పోతుందండి."

వీరవేణి లేచి లోపల్నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, తన పక్కనే, తను చూస్తున్న వైపుకే తిప్పి వేసింది.

"కూచోమ్మా. నేనూ అందుకే కూచున్నాను."

చేపల వేట మీద నిషేధం ఎత్తేశాక, జూన్ పదిహేనో తారీఖు తెల్లవారుజామున పడవేసుకుని సముద్రం మీదికి వెళ్ళిన అప్పాజీ తిరిగి రాలేదు.