కాపలా చేప

"ఇంక గాలం వేసుకో పో, మౌలాలీ," అంది ఆదిలక్ష్మమ్మ. ఎవరినీ దిగనివ్వని ఆమె సొంత కుంటలో అతడు ఎండాకాలమంతా నాచు తీశాడు, తెగిన కట్టకు మట్టి పోశాడు. అందుకు దక్కిన అనుమతి ఇది.

పురుడైన నాటి నుంచి అన్నం సహించని అతని భార్య, కొర్రమీను పులుసైతే తింటానంది.

మౌలాలి ఎర గుచ్చుతుండగా నీటిపై ఎర్రని చేపపిల్లల గుంపు కదిలింది. దాని కిందనే తల్లి కొర్రమీను కాపలా తిరుగుతోంది. అతడు గాలం చుట్టేశాడు.

"ఏందప్పా, అంత పెద్దది కండ్ల ముందర తిరుగుతాంటే!"

"దీన్ని పడితే పిల్లల్ని తక్కిన చేపలు మింగేస్తాయమ్మా. అవి పెద్దయి చెదిరినాక వస్తా. అంతవరకు ఓర్చుకోమని ఇంట్లో చెప్పుకుంటాలే."

"నీ అట్లాంటోనికి అడ్డు లేదు. ఎప్పుడన్నా రా."

నెల దాటాక వచ్చాడు, చంకలో పసిబిడ్డతో.

"పిల్లలన్నీ చెదిరిపోయినాయి, మౌలాలీ. గాలం యాడ?"

"పులుసు అడిగిన మనిషి పోయిందమ్మా. నాచు మళ్లా కమ్ముకుంటాదని, తీసిపోదామని వచ్చినా."

బిడ్డను గట్టున పడుకోబెట్టి అతడు నీటిలోకి దిగాడు. ఎదురుగా తల్లి కొర్రమీను గాలి కోసం పైకి తేలి, మళ్లీ మునిగింది.

గట్టున బిడ్డ పాలకు ఏడ్చింది.