ఊడిపోయిన చివరి ఫారం

"టీచర్, ఆ పిల్ల బతుకుతుందా?"

ఏడో తరగతి మొత్తం వెనక్కి తిరిగింది.

అడిగింది చివరి బెంచీ అమ్మాయి. వేసవిలో అన్న చనిపోయినప్పటి నుంచీ క్లాసులో నోరు విప్పలేదు. తోటివాళ్ళు 'మౌనవ్రతం' అని పేరు కూడా పెట్టేశారు.

టీచరు రోజుకో అధ్యాయం చదివి వినిపిస్తున్న నవల అది. కిటికీలు నిషేధించిన నగరం. గోడకు కన్నం పెట్టి ఆకాశం చూసిన ఓ పిల్ల. ఆమె కోసం మెట్లెక్కి వస్తున్న సైనికులు.

"ఇదిగో, ఇప్పుడే తెలుస్తుంది" అంటూ టీచరు పేజీ తిప్పింది.

అట్ట తగిలింది. చివరి ఫారం, అంటే పదహారు పేజీలు, ఊడిపోయింది.

లైబ్రరీ పుస్తకాలు కుట్టడానికి వచ్చిన ముసలి బైండరు వరండాలోంచి అంతా విన్నాడు.

"ఆ నవలదే ఇంకో కాపీ మా షాపుకి బైండింగుకి వచ్చిందమ్మా. పరాయి సొత్తు, ఇవ్వలేను."

"జిరాక్స్ తీసి తేలేరా?"

"పుస్తకం వెన్ను విరుగుతుందమ్మా. చూసి రాసి తెస్తాను."

"రాయడం వచ్చా?"

"ఏదో, వానాకాలం చదువు లెండి."

నాలుగు రోజులకు తెచ్చాడు. మనిషి బాగా నీరసించాడు, ఆగకుండా దగ్గుతున్నాడు.

మొదటి పేజీ చూడగానే టీచరు భగ్గుమంది.

"ఒత్తుల్లేవు, దీర్ఘాల్లేవు! పుస్తకం ఎదురుగా పెట్టుకుని కూడా ఇన్ని తప్పులేంటయ్యా?"

"తప్పయిపోయిందమ్మా. దిద్దుకుని చదవండి. పిల్ల ఎదురుచూస్తోంది."

విసుక్కుంటూనే చదివింది. మెట్ల మీద ఒక సైనికుడికి తన కూతురు గుర్తొచ్చింది. పెరటి తలుపు తీశాడు. ఆ పిల్ల బయటపడింది.

చివరి బెంచీ అమ్మాయి బల్ల మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. మర్నాటి నుంచి పక్కపిల్లతో మాట్లాడటం మొదలుపెట్టింది.

నెల తర్వాత టీచరు చిరిగిన అట్లాసుతో షాపుకి వెళ్ళింది. బైండరు కూతురు ఒక్కతే పుస్తకాలు సర్దుతోంది.

"నాన్న పోయి పదిహేను రోజులైందండీ. ఎవరి పుస్తకాలు వాళ్ళకి అప్పజెప్తున్నా."

ఆ దొంతర పైనే ఉంది నవల. టీచరు చివరి ఫారం తెరిచింది.

అచ్చులో సైనికులు ఎవరూ ఆగలేదు. పిల్లను లోపలే ఉంచి కన్నం పూడ్చేశారు.

టీచరు ఆ పేజీ మళ్ళీ చదివింది.

ఆ రోజు తను నిలబెట్టి దులిపేసింది నకలు కూడా సరిగ్గా రాయలేని బైండరును కాదు, ఆ పిల్లను బతికించిన రచయితను.