ఫకీహ్ అనే పేరు

“గుడ్డితనం చావు జబ్బు కాదు ఖాజీ గారూ! చావు జబ్బులో ఇచ్చిన కానుక చెల్లదు, ఒప్పుకుంటాను. మా నాన్నకి చూపు పోయి పదేళ్లయింది. పదేళ్లూ తిని తిరిగిన మనిషి ఇచ్చింది ఎందుకు చెల్లదు?”

తామో గుక్క తిప్పుకోకుండా అడిగేసింది. వాళ్ల నాన్న, ఊరందరి ఫకీహ్ అల్లాల్ పోయి నలభై రోజులైనా కాలేదు. ఆయన కూతురి పేర రాసిచ్చిన ఇంటి మీద అన్న జిలాలీ అప్పుడే దావా వేశాడు. ఓడిందా, వారసత్వంలో ఆడపిల్లకొచ్చే మూడో వంతు చేతిలో పెట్టి ఆమెను వీధిలోకి గెంటేస్తాడు.

ఖాజీ గడ్డం నిమురుకున్నాడు. “అబ్బో! ఈవిడ కూడా ఓ ఫకీహ్ అయిపోయిందే!”

గదిలో అందరూ గొల్లుమన్నారు.

“ఫకీహ్ అంటే అర్థమేమిటండీ? ధర్మశాస్త్రం లోతు తెలిసిన మనిషనేగా?”

“మనిషి కాదమ్మా, మగవాడు. ఆడదాన్ని ఆ మాటతో పిలవగా ఎన్నడైనా విన్నావా? చెవిన పడ్డ నాలుగు ముక్కలు వల్లిస్తే విద్య అయిపోదు. మీ నాన్న, ఆయనా ఫకీహ్ అంటే!”

తామోకి ఒళ్లు మండిపోయింది.

ఖాజీ పాత కాగితాల కట్ట విప్పి ఒకటి పైకి తీశాడు. “నాలుగేళ్ల కిందట ఇలాంటి తగాదాకే ఆయన రాసి పంపిన అభిప్రాయం. ‘గుడ్డితనం చావు జబ్బు కాదు, కానుక చెల్లుతుంది.’ ఆహా! ఎంత సూటిగా చెప్పాడో చూడండి!”

ఇందాక ఆమె అన్న మాటా అదేనని ఒక్కడికీ తట్టలేదు.

జిలాలీ లేచి నిలబడ్డాడు. “నాలుగేళ్ల కిందటా? అప్పటికే నాన్నకి చూపు లేదు కదండీ! అది దీని చేతిరాత. ప్రశ్న చదివేదీ ఇదే, జవాబు ఆలోచించి రాసేదీ ఇదే. ముసలాయన ముద్ర గుద్దేవాడు, అంతే!”

ఖాజీ మొహం ముడుచుకుంది. “నిజమేనా తామో? నువ్వు చెప్పిన జవాబే అయితే ఇది చిత్తు కాగితం. కానుకా రద్దే.”

‘అవును, నాదే’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పదేళ్లుగా ఆ ఒక్క మాట అనాలనే ఆమె ఆశ. ఇంటి ముందరి అంజూర చెట్టు, తను పుట్టి పెరిగిన ఆ వాకిలి కళ్ల ముందు కదిలాయి. ఆ మాట మింగేసింది.

“నాన్న చెప్పారు, నేను రాశాను. ఆడదాన్ని, నాకేం తెలుసండీ?”

తీర్పు ఆమెకే వచ్చింది. జిలాలీ తిట్టుకుంటూ వెళ్లిపోయాడు. గెలిచానన్న సంతోషం పిసరంతైనా లేదు తామోకి. తన నోటితో తన మీదే ఉమ్మేసుకున్నట్టుంది.

గుమ్మం దాటబోతుంటే ఖాజీ వెనక్కి పిలిచాడు. గదిలో ఇంకెవరూ లేరని చూసుకుని, మడత పెట్టిన కాగితం ఒకటి ఆమె చేతిలో పెట్టాడు.

“ఈ చిక్కు నాకు తెగట్లేదమ్మా. శుక్రవారానికల్లా జవాబు రాసిపెట్టు. తేదీ మాత్రం మీ నాన్న బతికున్నప్పటిది వెయ్యి.”